నలుపూ తెలుపూ: లెక్కలోకి రాని రంగులు

తెలుగులో ఒక మాట ఉంది. ఆడపిల్లల విషయంలో తప్ప పెద్దగా వినపడదు. "రంగు తక్కువ." పిల్ల బాగా చదువుకుంది, ఉద్యోగం కూడా ఉంది, కాకపోతే కాస్త రంగు తక్కువ. నల్లగా ఉంటుందని చెప్పడానికి మనం ఎంచుకున్న మర్యాదైన పద్ధతి ఇది. ఈ మాటని ఒక్కసారి అక్షరాలా తీసుకుని చూద్దాం. నల్లపిల్లకి తక్కువైంది ఏమిటి? రంగు. అంటే నలుపు ఒక రంగు కాదు, రంగు లేకపోవడం. మరి రంగంటే ఏది? తెలుపు. "పిల్ల మంచి రంగు" అంటే ఆ పిల్ల ఏ రంగులో ఉందని ఎవరూ తిరిగి అడగరు.

ఇప్పుడు అదే ఇంట్లో ఇంకో మాట. మొగుడు పోయిన మనిషి రంగుచీర కట్టకూడదు. మరేం కట్టాలి? తెల్లచీర. ఇక్కడ తెలుపు రంగు కాదు. ఒంటి విషయంలో తెలుపొక్కటే రంగు, బట్ట దగ్గరికి వచ్చేసరికి తెలుపు అసలు రంగే కాదు. నలుపూ తెలుపూ రంగులేనా అన్నది పిల్లలు సైన్సు క్లాసులో అడిగే ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ మన దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఆడవాళ్ల ఒంటిమీద రాసి ఉంది. దాన్ని మన భాష ఎలా చెప్పింది, మన సాహిత్యం ఎలా చదివింది, ఎక్కడ తిరగరాసింది అన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలుచుకున్నది.

సైన్సు చెప్పేది ముందు చెప్పేసుకుంటే మంచిది. తెల్లటి వెలుగు గాజుపట్టకం గుండా వెళితే రంగులుగా విడిపోతుందనీ, ఆ రంగుల్ని తిరిగి కలిపితే తెలుపే వస్తుందనీ న్యూటన్ 1704లో అచ్చయిన తన 'ఆప్టిక్స్' పుస్తకంలో వివరించాడు. ఆ లెక్కన తెలుపు అన్ని రంగుల కలయిక, నలుపు వెలుగు లేకపోవడం. ఇంద్రధనుస్సులో రెండూ కనపడవు. కానీ వెలుగు సంగతి వేరు, పదార్థం సంగతి వేరు. బొమ్మలు వేసేవాళ్లకి నలుపు సీసాలో దొరికే రంగు, డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కాటుక నలుపు, సున్నం తెలుపు. రెండూ చేతికి అంటుకుంటాయి. కాబట్టి సైన్సు కూడా ఒక్క జవాబు చెప్పడం లేదు. ఎక్కడ నిలబడి అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది.

భాష దగ్గర మాత్రం ఏ సందేహమూ లేదు. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు. నాలుగూ ఒకే తీరున ముగుస్తాయి, ఒకే వరసలో నిలబడతాయి. నల్ల, తెల్ల, ఎర్ర, పచ్చ మన సొంత మాటలు. నీలం సంస్కృతం నుంచి వచ్చింది. మిగతావాటికి ఏదో ఒక వస్తువు పేరు అరువు తెచ్చుకుని పక్కన 'రంగు' అని చేర్చాలి. గోధుమ చీర అంటే ఎవరికీ అర్థం కాదు, గోధుమరంగు చీర అనాలి. నల్లచీరకీ తెల్లచీరకీ ఆ ఊతం అక్కర్లేదు. అమెరికన్ పరిశోధకులు బ్రెంట్ బెర్లిన్, పాల్ కే 1969లో చాలా భాషల్లోని రంగుల పేర్లని పోల్చి ఒక పుస్తకం వేశారు. ఒక భాషలో రంగులకి రెండే మూలపదాలుంటే అవి నలుపూ తెలుపూ అయి ఉంటాయనీ, మూడోది ఉంటే అది ఎరుపనీ అన్నారు. న్యూగినీ దీవిలోని దాని ప్రజల భాషలో ఆ రెండు పదాలు మిలి, మోలా. ఒకటి ముదురువాటికి, ఒకటి లేతవాటికి. ఈ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి, వాళ్లే దాన్ని సవరించుకున్నారు కూడా. అయినా మనకి పనికొచ్చే సంగతి ఒకటి మిగులుతుంది. మనిషి నోట రంగులకి పేర్లు పుట్టినప్పుడు వెనకబెంచీలో కూర్చున్నవి కావు ఈ రెండూ. మొదటి వరసలోవి.

మొదటి వరసలో ఉన్నవాటిని రంగుల జాబితాలోంచి తీసేసింది ఎవరు? భాషలోనే కొంత ఆనవాలు దొరుకుతుంది. తెలుపు అంటే తెలియజేయడం కూడా. తెల్లం, తెలివి, తెలియడం, తెల్లవారడం ఒక కుదురు మాటలు. నలుపు అంటే నలపడం కూడా. ఆకుని వేళ్ల మధ్య నలుపుతాం, నిద్ర కళ్లని నలుపుకుంటాం. ఈ రెండో జత మూలాలు వేరు కావచ్చు, చెవికి మాత్రం ఒకటే. తెలుపు తెలిసేది, నలుపు నలిగేది. పొలిమేరకి అటుపక్క తమిళంలో 'నల్ల' అంటే మంచి. ఇటుపక్క నల్లధనం, నల్లబజారు, నల్లచట్టం. నవ్వులపాలైతే మొహం నల్లబడుతుంది. తెలుపుకీ తెల్లబోవడం, తెల్లమొహం వేయడం వంటి చిన్న చిన్న అవమానాలు ఉన్నాయి గానీ అవి కాసేపటివే.

మనుషుల వర్ణన దగ్గరికి వస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తెల్లగా ఉన్న అమ్మాయిని ఎర్రగా బుర్రగా ఉందంటాం. పసిమిఛాయ అంటాం, బంగారుఛాయ అంటాం. ఎరుపు, పసుపు, బంగారం అన్నీ ఆమెకి పనికొస్తాయి. నల్లగా ఉన్న అమ్మాయికి రంగు పేరు ఉండదు, కొలత ఉంటుంది. తక్కువ, కాస్త తక్కువ, మరీ తక్కువ. చామనఛాయ అన్న మాట మధ్యలో ఒక వంతెనలా ఉంటుంది, నలుపుని ఒప్పుకోలేని పెళ్లి ప్రకటనలన్నీ దానిమీంచే నడుస్తాయి. ఓదార్పుగా చెప్పే సామెత ఒకటి ఉంది, "నలుపు నారాయణమెచ్చు" అని. అంటే నల్లపిల్లని మెచ్చుకోవడానికి సాక్షాత్తూ దేవుడే దిగిరావాలి, మామూలు మగాడి వల్ల కాదు. ఆ దేవుణ్ణయినా మనం నల్లగా ఉండనిచ్చామా? కృష్ణుడు అన్న పేరుకే నలుపని అర్థం. క్యాలెండరు బొమ్మల్లో ఆయన నీలంగా ఉంటాడు. భారతంలో ద్రౌపదికి కూడా నలుపు వల్లే కృష్ణ అన్న పేరుంది. ఆమెకి నీలం కూడా దక్కలేదు, తెల్లగా గీసేశారు.

మాది నల్లగొండ జిల్లా. ఊరి పాతపేరు నీలగిరి అని పెద్దలు చెబుతారు. జిల్లా పేరులోనే నలుపు పెట్టుకున్నవాళ్ల ఇళ్లలో కూడా నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఒకటే మాట వచ్చేది. "పిల్ల మంచిదేగని, రంగు జర తక్కువుంది." నాకు కోపం తెప్పించింది ఆ కాదనడం కాదు. నా గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఒక నిండు మాట వాడకపోవడం. నల్లగా ఉంది అని ఉంటే అది నా గురించిన సంగతి అయ్యేది. రంగు తక్కువ అన్నప్పుడు అది వాళ్ల తూకం గురించిన సంగతి. నేను తక్కెడలో తేలిన సరుకుని. తర్వాత మా అమ్మ దగ్గర ఇదే మాట ఎత్తితే, "తక్కువంటే కట్నం ఎక్కువని బిడ్డా" అంది. అమ్మ బడికి వెళ్లలేదు. ఏ విమర్శకురాలూ ఈ మాటకి ఇంతకంటే సూటిగా అర్థం చెప్పగా నేను చదవలేదు.

నిజానికి ఒంటి విషయంలో ఈ మాట తలకిందులుగా ఉంది. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. నల్లటి చర్మంలో అది ఎక్కువ, తెల్లటి చర్మంలో తక్కువ. అంటే రంగు తక్కువైనవాళ్లు తెల్లగా ఉన్నవాళ్లే! తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక పరిశోధన 2013లో వెలువడింది. ఎస్‌ఎల్‌సి24ఎ5 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం చర్మం తెల్లబడడానికి ఒక ముఖ్య కారణమనీ, ఆ మార్పు యూరోపియన్లకీ మనకీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిందనీ అది చూపించింది. ఒక్క అక్షరం! మనం ఆ అచ్చుతప్పు లాంటి దాని మీద కట్నాలు కట్టాం, కులగౌరవాలు కట్టాం, ఒక పెద్ద క్రీముల వ్యాపారాన్ని నిలబెట్టాం. 1975లో మన మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బామీద మాట పోయింది, పెళ్లిచూపుల్లో మాట పోలేదు. 2025 మార్చిలో కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి శారదా మురళీధరన్ తన పనితీరుని తన నలుపుతోనూ, అదే పదవిలో అంతకుముందున్న తన భర్త పనితీరుని ఆయన తెలుపుతోనూ పోల్చారని బహిరంగంగా రాసుకోవలసి వచ్చింది. ఒక రాష్ట్రంలో అధికారులందరి పైన కూర్చున్నా ఆ తక్కువ పూడలేదు.

అమెరికాలో ఈ లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ 'రంగు మనుషులు' అంటే తెల్లవాళ్లు కానివాళ్లు. తెల్లవాళ్లకి రంగే లేదు, వాళ్లు ఉత్త మనుషులు. అంటే ఆ దేశంలో నలుపు రంగు, తెలుపు రంగు కాదు. మన దగ్గర తెలుపు రంగు, నలుపు రంగు కాదు. జవాబులు ఎదురెదురుగా ఉన్నాయి గానీ తీర్పు ఒకటే. పెత్తనం ఎవరిదో వాళ్లకి అనువైన వైపుకి 'రంగు' అన్న మాట జరుగుతుంది. రంగు మచ్చ అయినచోట తెలుపు దాన్ని వదిలించుకుంటుంది, రంగు ఆస్తి అయినచోట తెలుపు దాన్ని రాయించుకుంటుంది. టోనీ మారిసన్ 'ద బ్లూయెస్ట్ ఐ' 1970లో వచ్చింది. నల్లపిల్ల నీలికళ్లు కావాలని కోరుకుని ఎలా ధ్వంసమవుతుందో అందులో ఉంది. ఆ తర్వాత 1980ల మొదట్లో ఆలిస్ వాకర్ 'కలరిజం' అన్న మాట వాడి, నల్లజాతి లోపలే ఛాయల మధ్య ఉన్న అంతరాల్ని ఎత్తిచూపింది. ఈ ఇద్దర్నీ మన యూనివర్సిటీల్లో ఇష్టంగా పాఠం చెబుతాం. చెప్పి, బయటికొచ్చి, స్టాఫ్‌రూంలో కూర్చుని తెలిసినవాళ్ల కోడలి రంగు గురించి మాట్లాడుకుంటాం.

నలుపూ తెలుపూ రంగులేనన్న సంగతి పనిచేసేవాళ్లకి ఎప్పుడూ తెలుసు. మా నల్లగొండ వైపు పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాంట్లో ప్రధానంగా మూడే రంగులు. ఎరుపు, నలుపు, తెలుపు. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి సిద్ధం చేస్తారు. తెల్లగా ఉండవలసిన చోటల్లా గట్టిగా ముడులు కడతారు. మిగతాది రంగులో ముంచుతారు. అక్కడ తెలుపు ఊరికే మిగిలిపోయింది కాదు, కట్టి కాపాడుకున్నది. ఒక్క ముడి వదులైతే తెలుపు పోతుంది. కలంకారీలో నలుపుది ఇంకో కథ. తుప్పుపట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో ఊరబెట్టి ఆ నల్లటి రసంతో బొమ్మకి గీతలు గీస్తారు. కరక్కాయా పాలూ పట్టించిన బట్టమీద పడ్డాకే ఆ గీత చిక్కటి నలుపవుతుంది. నలుపు లేకపోతే బొమ్మే నిలబడదు. మా నేత ఇళ్లలో నల్లరంగు, తెల్లరంగు అనే అంటారు. రెండూ శ్రమతో వచ్చినవి కాబట్టి రెండూ లెక్కలోకి వస్తాయి. లెక్కలోకి రానిది ఇంకొకటుంది. ముడులు కట్టిన ఆడవాళ్ల చేతులు, ఆసు పోసిన చేతులు, కండెలు చుట్టిన చేతులు. కూలి ఇచ్చేటప్పుడు మగ్గం మీద కూర్చున్నవాడి పేరే రాస్తారు.

ఇప్పుడు నేనుంటున్న లాలాపేటకి కూడా ఈ రెండు రంగులూ బాగా పరిచయం. చాలా ఏళ్లపాటు విజయ డెయిరీ అంటే నగరానికి గుర్తొచ్చేది లాలాపేటే. దగ్గర్లోనే 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. ఒకచోట పాలు, ఒకచోట మసీ గ్రీజూ. నల్లబడ్డ చేతులతో షిఫ్టు దిగొచ్చే మగవాణ్ణి రంగు తక్కువ అనరు. అది పని గుర్తు, దానికో గౌరవం ఉంది. ఎండలో నాట్లేసి వచ్చిన ఆడమనిషి నలుపుకి ఆ గౌరవం ఎందుకు లేదు? ఆమె చేసింది పనిగా లెక్కకి రాలేదు కాబట్టి.

ఇక తెలుపు సంగతి. వైధవ్యపు తెలుపు గురించి తెలుగు సాహిత్యం నూరేళ్లకి పైగా మాట్లాడింది. వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా కొత్తరూపం తీసుకుంది. ఆ నాటకంలో ముగ్గురు వితంతువులున్నారు. బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్లమ్మ. ఎదురుగా మధురవాణి ఉంది. ఆమెకి వైధవ్యం లేదు, ఎందుకంటే పెళ్లి లేదు. ఆ లోకంలో తన రంగులు ఎవరి చావుతోనూ పోవన్న భరోసా ఉన్న స్త్రీ పెళ్లికి బయట నిలబడ్డ మధురవాణి ఒక్కతే. దీన్ని మనం తగినంత గట్టిగా చదవలేదనిపిస్తుంది. సంస్కరణ కూడా రంగుల్ని తిరిగి ఇచ్చింది గానీ ఎలా ఇచ్చింది? ఇంకో మొగుణ్ణి తెచ్చి ఇచ్చింది. మొగుడితో పనిలేకుండా ఎర్రచీర కట్టుకునే వీలు ఆ ఉద్యమం ఎజెండాలో లేదు.

తెలుపు అశుభం అని సూటిగా అనడానికి కూడా లేదు. పెళ్లిలో కట్టే మధుపర్కాలు తెల్లవే. వాటికి ఎర్రంచు ఉంటుంది. క్రైస్తవ పెళ్లికూతురు తెల్లచీరే కడుతుంది. సినిమాలో మొదటిరాత్రి చీర తెలుపే, దయ్యం చీరా తెలుపే. రాజకీయ నాయకుడి ఖద్దరు తెలుపు, డాక్టరు కోటు తెలుపు, వాటిని ఎవరూ రంగులేని బట్టలనరు. ఒకే బట్ట ఒకచోట శుభం, ఒకచోట శోకం, ఒకచోట అధికారం. తేడా దారంలో లేదు. ఆమెకీ ఒక మగవాడికీ ఉన్న సంబంధం ఏ దశలో ఉందన్నదాన్ని ఆ బట్ట చుట్టూ ఉన్నవాళ్లకి తెలుపుతుంది. తెలుపు అన్న క్రియ అక్కడ తన పని తాను చేస్తుంది.

నలుపుకీ ఇలాంటి మినహాయింపే ఒకటుంది. నల్లపూసలు. శుభకార్యానికి నల్లచీర కట్టుకుంటే మందలించే ఇంట్లోనే పెళ్లయిన మనిషి మెడలో నల్లపూసలు లేకపోతే మందలిస్తారు. అంటే నలుపు చెడ్డది కాదు, మొగుడి పేరున వస్తే మంచిదే. భర్త ఉన్నంతకాలం మెడలో నలుపు, పోయాక ఒంటిమీద తెలుపు. ఈ రెండింటి మధ్య ఉన్నకాలాన్నే మనం ఐదోతనం అంటున్నాం. నలుపూ తెలుపూ రంగులు కావు అన్నమాటకి నాకు దొరికిన అసలు అర్థం ఇదే. అవి ఆమె ఎంచుకునే రంగులు కావు. ఆమెని ఏ ఖాతాలో రాయాలో చెప్పే గుర్తులు.

అయితే ఈ కథ అందరు ఆడవాళ్లదీ కాదు. మా నాయనమ్మకి చిన్నతనంలోనే తాత పోయాడు. బొట్టు తీశారు, నల్లపూసలు తీశారు. తెల్లచీర మాత్రం కట్టించలేదు. రంగు కుండల మధ్య బతికే మనిషికి తెల్లచీర ఎన్నాళ్లుంటుంది? పొలం పనులు చేసే చాలా కులాల్లో మారుమనువు ఉండేది, వితంతువు మర్నాడే కూలికి వెళ్లవలసి ఉండేది. తెల్లచీర ఒక శిక్షే. కానీ ఇంట్లో కూర్చోబెట్టి పెట్టగలిగిన కుటుంబాల శిక్ష. సంస్కరణ సాహిత్యం ఆ తెలుపునే స్త్రీల కష్టానికి మొత్తంగా గుర్తుగా నిలబెట్టింది. దాంతో ఇంకో నలుపు కనపడకుండా పోయింది.

ఆ నలుపుకి ఒక పాతపేరుంది. వర్ణం అంటే రంగు, వర్ణం అంటే కులవ్యవస్థలో చోటు. వర్ణాలకి బయట ఉంచినవాళ్లని అవర్ణులన్నారు. మాటకి మాటగా చెబితే రంగులేనివాళ్లు. 'రంగు తక్కువ' పెళ్లిచూపుల్లో పుట్టిన మాట కాదు, దాని అమ్మమ్మ శాస్త్రాల్లో ఉంది! 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సమావేశమైనవాళ్లు 'పంచమ' అన్న పేరుని కాదని ఆది ఆంధ్ర అన్న పేరు ఎంచుకున్నారు. లెక్కలో ఐదోదిగా మిగిలిపోవడాన్ని నిరాకరించి, లెక్కకి మొదట తామున్నామని చెప్పుకున్నారు.

ఈ నేపథ్యంలో రెండు మూడు సంకలనాల పేర్లు పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు'. నీలి అన్న మాటకి తెలుగులో అశ్లీలం అన్న అర్థం కూడా ఉంది. శరీరం గురించి మాట్లాడిన కవిత్వం ఆ మాటనే తలెత్తుకుని తన పేరుగా పెట్టుకుంది. ఆ ధైర్యం ఇప్పటికీ నాకు ఇష్టం. కానీ మేఘాన్ని వర్ణించడానికి పల్లెలో వాడే మాట నల్లమబ్బు. నీలిమేఘం చదువుకున్న మాట. కృష్ణుణ్ణి నలుపు నుంచి నీలానికి మార్చిన అలవాటు ఏదో ఆ ఎంపికలో కూడా కాస్త మిగిలి ఉందేమోనని నా అనుమానం.

పదేళ్లకి, 2003లో, గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని ఒకచోటికి తెచ్చి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. నేను ఈ పేరుని క్లాసులో బోర్డు మీద రాసి అర్థం అడిగితే పిల్లలు ఎక్కువమంది "చీకటిరోజు" అంటారు. దుఃఖానికి సంకేతం అంటారు. నల్ల అనగానే దుఃఖం అనే అర్థం మన చేతికి అందుతుంది. కానీ పొద్దు అంటే సూర్యుడు, వెలుగు, కాలం. తెలుగులో ఉదయం కావడాన్ని తెల్లవారడం అంటాం, అంటే వెలుగు రావాలంటే తెల్లబడాలి. "బతుకు తెల్లారింది" అంటే మాత్రం బతుకు ముగిసిందని. తెల్లవారడంలో అందరికీ ఒకే ఉదయం లేదని ఆ నుడికారానికి ముందే తెలుసు. 'నల్లపొద్దు' ఆ వ్యాకరణాన్ని తిరగరాసింది. తెల్లబడకుండానే పొద్దు పొడుస్తుందంది. ఆ పేరులో నలుపు చీకటికి గుర్తు కాదు, వెలుగిచ్చే వస్తువు రంగు. నాకు తెలిసినంతలో నలుపుకి తెలుగు సాహిత్యం ఇచ్చిన అతి పెద్ద చోటు అది.

2006లో వచ్చిన 'నల్లరేగటి సాల్లు' ఇంకో అడుగు ముందుకేసింది. జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి మాదిగ, మాదిగ ఉపకులాల ఆడవాళ్ల కథల్ని తెచ్చారు. ఈ పేరులో నలుపు ఆకాశంలో లేదు, కాళ్లకింద ఉంది. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానపడితే ఉబ్బి తేమని చాలాకాలం పట్టి ఉంచుతుంది, పత్తికి మంచి నేల. దాన్ని ఎవరూ రంగు తక్కువ నేల అనరు. నల్లరేగడికి ధర ఎక్కువ, నల్లపిల్లకి కట్నం ఎక్కువ. ఒకే నలుపు ఒకచోట ఆస్తి, ఒకచోట అప్పు. సాళ్లు అనకుండా సాల్లు అనడం కూడా ఊరికే జరగలేదు. సాలు పట్టిన మనిషి ఉచ్చారణ అది. ఆ నేలలో పనిచేసి ఆ నేల సొంతం కానివాళ్లు ఆ నేల రంగుని తమ పుస్తకానికి పేరుగా రాసుకున్నారు. ఇది సౌందర్యం గురించిన వాదన కాదు, హక్కు గురించిన వాదన. 'నలుపు కూడా అందమే' అనే ఓదార్పు మాటకీ దీనికీ చాలా దూరం ఉంది. ఆ మాట నలుపుని అందాలపోటీలో చేర్చుకోమని అడుగుతుంది. ఈ పుస్తకాలు పోటీ పెట్టినవాళ్ల తూకాన్నే ప్రశ్నిస్తాయి.

విమర్శకులుగా మనం ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఒంటి నలుపూ కులమూ ఒకటి కాదు. ప్రతి కులంలోనూ అన్ని ఛాయల మనుషులూ ఉన్నారు. కులానికో రంగు అంటగట్టి, ఆ లెక్కకి తప్పినవాళ్లని నమ్మొద్దని చెప్పే సామెతలు మనకున్నాయి. 'నల్లపొద్దు'లోని నలుపుని చర్మానికి కుదిస్తే మనం ఆ సామెతల పక్కనే కూర్చుంటాం. అలాగే నలుపులన్నీ ఒకటి కావు. షాజహానా కవితల పుస్తకం 'నఖాబ్' 2005లో వచ్చింది. ముస్లిం స్త్రీ మీద కప్పిన నలుపు గురించి బయటివాళ్లు తేలిగ్గా మాట్లాడతారు, ఆమె ఆ బట్ట పేరుని తానే పలికి మాటని తన చేతిలోకి తీసుకుంది. నల్లపూసల నలుపు, నల్లరేగడి నలుపు, నఖాబ్ నలుపు, నా ఒంటి నలుపు. ఇవి నాలుగు వేర్వేరు చరిత్రలు. అన్నింటినీ కలిపి 'నలుపు ప్రతీక' అని ఒక వాక్యంలో ముగించే విమర్శ కూడా రంగు తక్కువ అన్న మాటకి చదువుకున్న చెల్లెలే.

మరి నలుపూ తెలుపూ రంగులేనా? నా జవాబు, ఒకదాన్ని రంగు అనడం ఒక వర్ణన కాదు, ఒక గుర్తింపు. ఎవరిది లెక్కకి వస్తుందో, ఎవరిది రాదో చెప్పే తీర్పు. రంగులేని బట్ట కట్టించి ఒకామెని ఇంట్లో లెక్కలోంచి తీశారు. రంగులేని ఒళ్లని చెప్పి ఇంకొకామెని సంతలో ధర తగ్గించారు. రంగులేని జనమని చెప్పి కొన్ని వాడల్ని ఊరి లెక్కలోంచే తీసేశారు. ఈ మూడూ వేర్వేరు దెబ్బలు, తగిలినవాళ్లు వేరు, తీవ్రత వేరు. కానీ కొట్టిన కర్ర ఒకటే. మొదటి దెబ్బ గురించి మన సాహిత్యం నూట ముప్ఫై ఏళ్ల కిందే మాట్లాడడం మొదలుపెట్టింది. మూడోదాని గురించి అది తగిలినవాళ్లే రాసుకోవలసి వచ్చింది. రెండోది మనం ఇంకా కబుర్లలో నవ్వుతూ వాడుతున్నాం.

అందుకే పరిశోధకులుగా మనం చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కథల్లో, నవలల్లో, ముఖ్యంగా మనం మెచ్చుకునే స్త్రీల రచనల్లో, నల్లటి నాయికని ఏ మాటతో పరిచయం చేశారో వెతికి రాసుకుందాం. ఆమెకి రంగు ఉందా, కొలత ఉందా? నలుపు వచ్చిన వెంటనే 'అయినా' అన్న మాట వచ్చిందా? "నల్లగా ఉన్నా కళగా ఉంది" అన్నచోట ఆ 'ఉన్నా' ఎవరి గొంతు, పాత్రదా రచయిత్రిదా? ఈ జాబితా ఎవరైనా తయారుచేస్తే అందులో మనకి ఇష్టమైన పేర్లు చాలానే ఉంటాయి. ఉండనివ్వండి. నా వంతుగా మొదలుపెట్టాను, ఇప్పటికి రెండు నోటుపుస్తకాలు నిండాయి.